తప్పిన పరీక్షను తుడిచివేయరాదు

పరీక్ష అనే మాట వినగానే విద్యార్థి గుండె ఝల్లుమనడం సహజం. తెలుగులో పరీక్ష అన్నా, ఉర్దూలో ఇమ్తెహాన్ అన్నా ఆ బెదురు ఒక్కటే. అయితే మనిషికే గాక మనిషి చేసిన ప్రతి వస్తువుకూ పరీక్ష ఉన్నది. కుండను కొనేవాడు వేలితో మోగించి చూస్తాడు. కంసాలి బంగారాన్ని గీటురాయిపై గీసి చూస్తాడు. గద్వాల చీరలో నూలు ఒడలికి పట్టు అంచు కలిసే చోట పోగు జారిందేమోనని నేతగాడు మళ్ళీ మళ్ళీ చూసుకుంటాడు. ఆ కోవలోనే నేడు కంప్యూటర్ ప్రోగ్రాములకు కూడా పరీక్షలు ఉన్నాయి. ప్రశ్నలు రాసేది మనిషే అయినా, వాటిని నడిపేదీ, తప్పిందో నెగ్గిందో తేల్చేదీ యంత్రమే. అట్టి పరీక్ష తప్పినప్పుడు మనిషి చేయవలసినదేమి? ఇదే ఈ వ్యాసంలో నేను చర్చించదలచిన విషయం. పైకి ఇది కేవలం సాంకేతిక విషయంగా కనిపించవచ్చు. దీని మూలంలో నిజాయితీకి సంబంధించిన ప్రశ్న ఒకటి ఉన్నదని నా అభిప్రాయం.

ముందుగా రెండు మూడు మాటలకు అర్థం చెప్పుకోవడం మంచిది. సాఫ్ట్‌వేర్ లోకంలో లైబ్రరీ అంటే పుస్తకాల భవనం అని అర్థం కాదు. పదిమంది ప్రోగ్రాములకూ పనికివచ్చేటట్లు ఒకరు రాసి ఉంచిన పనిముట్ల పెట్టె అది. తేదీలను లెక్కకట్టేది ఒకటి, బొమ్మలను కుదించేది మరొకటి, రహస్య సందేశాలను భద్రపరిచేది ఇంకొకటి. వీటిలో వేలాది లైబ్రరీలు ఓపెన్ సోర్స్ పద్ధతిలో వెలువడినవి. అనగా ఎవరైనా వాటిని చదవవచ్చు, మార్చవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు. రచయితల వద్ద నుండి వాటిని సేకరించి, ఒకదానితో ఒకటి పొసగేటట్లు కూర్చి అందించే రూపమే ప్యాకేజీ. ఈ కూర్పు పని చేసేవారిలో డెబియన్ సంఘం ప్రసిద్ధమైనది. 1993లో ఇయాన్ మర్డాక్ దీనిని ప్రారంభించాడు. ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద సేవకులు దీనిని నడుపుతున్నారు. వారి వార్షిక సమావేశం 2023 సెప్టెంబరులో కేరళలోని కొచ్చిలో జరిగింది.

మంచి లైబ్రరీ వెంట దాని పరీక్షలు కూడా వస్తాయి. రెండును మూడుతో కూడితే ఐదు రావాలి. లీపు సంవత్సరంలో ఫిబ్రవరి 28 తరువాత 29 రావాలి. ఖాళీ కాగితం ఇచ్చినా ప్రోగ్రాము కూలిపోరాదు. ఇట్టి చిన్న చిన్న ప్రశ్నలు వందలు, వేలు ఉంటాయి. ఈ సంప్రదాయం నిన్న మొన్నటిది కాదు. లారీ వాల్ 1987లో పెర్ల్ భాషను వెలువరించినప్పుడే దానికి పరీక్షలను జతచేశాడు. 1998లో మొదలైన సీపాన్ టెస్టర్ల బృందం వారు పెర్ల్ లైబ్రరీలను తమ తమ యంత్రాలపై నడిపి ఫలితాలను బహిరంగంగా వెల్లడించే పనిని చేపట్టారు. మన చేతిఫోన్లలో పనిచేసే ఎస్‌క్యూలైట్ అనే లైబ్రరీకి అసలు ప్రోగ్రాము కంటే పరీక్షల పాఠమే దాదాపు 590 రెట్లు పెద్దదని దాని రచయితలు చెబుతారు. డెబియన్‌లోనైతే 2018 నుండి ఈ పరీక్షలకు మరింత విలువ వచ్చింది. ఒక ప్యాకేజీ కొత్త కూర్పు వలన దాని పరీక్షగాని, దానిపై ఆధారపడిన ఇతర ప్యాకేజీల పరీక్షలుగాని తప్పితే, రాబోయే విడుదల కోసం సిద్ధమవుతున్న వరుసలోకి దాని ప్రవేశానికి ఆటంకం కలుగుతుంది.

పరీక్ష తప్పడం అంటే ఏమిటో మన ప్రాంతం వారికి సులభంగా చెప్పవచ్చు. వీపనగండ్ల చుట్టుపట్ల పండిన వడ్లను రైతు కొనుగోలు కేంద్రానికి తెస్తాడు. తేమ 17 శాతం మించరాదని నియమం. యంత్రం 19 అని చూపిందనుకుందాం. అప్పుడు కారణాలు మూడు ఉండవచ్చు. వడ్లు నిజంగానే పచ్చిగా ఉండవచ్చు. యంత్రమే తప్పుగా చూపుతూ ఉండవచ్చు. లేదా రెండూ సవ్యంగానే ఉండి, రాత్రి కురిసిన మంచుకు కుప్ప పైపొర మాత్రమే చెమ్మగిల్లి ఉండవచ్చు. మొదటిదైతే ఆరబోయాలి. రెండవదైతే యంత్రాన్ని సరిచేయించాలి. మూడవదైతే కుప్ప లోపలి గింజలు తీసి మళ్ళీ చూడాలి. ఇక నాలుగవ మార్గం ఒకటున్నది. యంత్రం మీద గుడ్డ కప్పి, పుస్తకంలో పదిహేడని రాసుకోవడం. అన్నిటికంటే సులభమైన మార్గం ఇదే. గోదాములో బియ్యం ముక్కిపోయిన నాడు గాని దాని ఫలితం తెలియదు.

లైబ్రరీ పరీక్ష తప్పినప్పుడు కూడా ఇవే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. తప్పు ప్రోగ్రాములో ఉన్నదా? పరీక్షలో ఉన్నదా? పరిసరాలలో ఉన్నదా? ఒక్కొక్కదానికి నిజమైన దృష్టాంతాలున్నాయి.

2023 అక్టోబరులో వెలువడిన పైథాన్ 3.12 కూర్పులో, పరీక్షలు రాయడానికి పూర్వం నుండి వాడుతూ వచ్చిన కొన్ని పాత పేర్లను తొలగించారు. వాటిని వదులుకొమ్మని ఏళ్ళ తరబడి హెచ్చరిస్తూనే ఉన్నారు. అయినా మార్చుకోని పరీక్షలు ఒక్కసారిగా తప్పాయి. ఆ లైబ్రరీల పనిలో లోపం లేదు. పాఠ్యప్రణాళిక మారిన తరువాత కూడా పాత ప్రశ్నపత్రమే ఇచ్చినట్లయింది. 2013లో పెర్ల్ 5.18 వచ్చినప్పుడు జరిగినది వేరు. పేర్లను, విలువలను జతగా దాచే పట్టికలోని వరుస ఒక్కోసారి ఒక్కో విధంగా వచ్చేటట్లు, భద్రత నిమిత్తం ఆ కూర్పులో మార్చారు. ఆ వరుస ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుందని నమ్మి రాసిన ప్రోగ్రాములు, పరీక్షలు నేడు నెగ్గి రేపు తప్పసాగాయి. నిజానికి ఆ వరుసకు హామీ ఏనాడూ లేదు. దాగి ఉన్న తప్పును ఆ మార్పు బయటపెట్టినదని చెప్పాలి.

మరొకటి మరీ విచిత్రమైనది. పెర్ల్‌లో కాలాన్ని లెక్కించే ఒక లైబ్రరీ, సంవత్సరాన్ని రెండంకెలలో ఇచ్చినప్పుడు నడుస్తున్న సంవత్సరానికి యాభై ఏళ్ళ లోపున్న శతాబ్దాన్ని ఊహిస్తుంది. 2019 డిసెంబరు 31 వరకు 70 అంటే 1970. 2020 జనవరి 1 రాగానే అదే 70 కాస్తా 2070 అయింది. ఎవరూ ఒక్క అక్షరం మార్చలేదు. కొత్త సంవత్సరం వచ్చింది, పరీక్షలు తప్పాయి.

పరిసరాల వలన తప్పేవాటికి ఉర్దూ తెలుగు విద్యార్థులమైన మనకు చక్కని ఉపమానం ఉన్నది. తెలుగు ఎడమ నుండి కుడికి నడుస్తుంది, ఉర్దూ కుడి నుండి ఎడమకు నడుస్తుంది. రెండూ సరైనవే. కాని ఒకదాని తీరులో మరొకదాన్ని చదివితే అర్థం చెడుతుంది. యంత్రాలలోనూ ఇంతే. ఒక పెద్ద సంఖ్యను దాచేటప్పుడు కొన్ని యంత్రాలు చిన్న భాగాన్ని ముందు ఉంచుతాయి, మరికొన్ని పెద్ద భాగాన్ని ముందు ఉంచుతాయి. మన బల్లమీది కంప్యూటర్లు మొదటి రకం. ఐబీఎం వారి మహా యంత్రాలు రెండవ రకం. మొదటి రకం యంత్రం మాత్రమే చూసిన రచయిత రాసిన లైబ్రరీ రెండవ రకం మీద తప్పితే, దోషం ఆ యంత్రానిది కాదు. రచయిత లోకాన్ని చిన్నదిగా ఊహించుకోవడమే దోషం.

ఇక నాలుగవ మార్గం సంగతి. పరీక్ష తప్పినప్పుడు దాన్ని తీసివేయడానికి ఒక్క నిమిషం చాలు. ఎర్ర గుర్తు పోయి పచ్చ గుర్తు వస్తుంది. హెచ్చరికను మాన్పించడానికి చేసిన చిన్న మార్పు ఎంతకు దారితీస్తుందో డెబియన్ చరిత్రలోనే ఉన్నది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనేది ఇంటర్నెట్‌లో రహస్యాలను కాపాడే లైబ్రరీ. 2006లో దానిని కూర్చేటప్పుడు, విలువ నింపని స్థలాన్ని ప్రోగ్రాము చదువుతున్నదని తనిఖీ సాధనం ఒకటి హెచ్చరించింది. ఆ హెచ్చరిక రాకుండా ఉండేందుకు రెండు పంక్తులను పక్కన పెట్టారు. తాళాలు ఎవరికీ ఊహకందకుండా ఉండటానికి కావలసిన యాదృచ్ఛికతను కలిపే పని వాటితోపాటు పోయింది. హెచ్చరిక ఆగింది. తాళాల బలం కూడా ఆగింది. ఆ యంత్రాలపై తయారైన తాళాలు ఒక్కో రకానికి దాదాపు 32 వేల రూపాలకు మించి లేవు. దొంగకు ఆ మాత్రం ప్రయత్నించడం పెద్ద పని కాదు. 2008 మే నెలలో లూచియానో బెల్లో కనిపెట్టిన ఈ లోపం బయటపడేవరకు సుమారు ఏడాదిన్నరకు పైగా అది అట్లాగే ఉన్నది. తరువాత ప్రపంచమంతటా ఆ తాళాలను మార్చుకోవలసి వచ్చింది. ఇందులో దురుద్దేశం ఏమాత్రం లేదు. శబ్దం ఆగడం వేరు, జబ్బు కుదరడం వేరు అనే భేదం ఒక్కచోట మరుగున పడింది, అంతే.

దురుద్దేశం ఉన్న ఉదంతం కూడా ఒకటి ఉన్నది. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్ళను కుదించే లైబ్రరీ. రెండేళ్ళకు పైగా సేవకుడిగా నమ్మకం సంపాదించిన ఒక అజ్ఞాత వ్యక్తి, 2024 తొలి నెలలలో వెలువడిన దాని 5.6.0, 5.6.1 కూర్పులలో దొడ్డిదారి అమర్చాడు. ఆ విషాన్ని దాచిన చోటు ఏదో తెలుసునా? పరీక్షల కోసం ఉంచిన నమూనా ఫైళ్ళలో. చెడిపోయిన ఫైలు ఇస్తే లైబ్రరీ ఏం చేస్తుందో చూడటానికి అట్టి నమూనాలు ఉండటం మామూలే కనుక వాటిని ఎవరూ తెరచి చూడలేదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలో దూరప్రవేశం దాదాపు అర సెకను ఆలస్యమవుతున్నదని గమనించాడు. అంతకు ముందు ఒక తనిఖీలో కనిపించిన అంతుపట్టని హెచ్చరికలు కూడా అతనికి గుర్తున్నాయి. ఈ రెంటినీ కలిపి కూపీ లాగి, 2024 మార్చి 29న లోకానికి వెల్లడించాడు. అప్పటికి డెబియన్ స్థిరమైన విడుదలలోకి అది చేరలేదు. అర సెకనును అలక్ష్యం చేయని ఒక్క మనిషి వలన గొప్ప ప్రమాదం తప్పింది.

ఇంత చెప్పినంత మాత్రాన ఏ పరీక్షనూ ఎన్నడూ ఆపరాదని నా వాదన కాదు. డెబియన్ నియమం ప్రకారం ప్యాకేజీని కూర్చేటప్పుడు బయటి నెట్‌వర్క్‌ను తాకరాదు. దూరాన ఉన్న సర్వరును పలకరించే పరీక్ష అక్కడ తప్పక తప్పుతుంది. అట్టిదానిని ఆ గదిలో ఆపడమే న్యాయం. కాని ఆపినవాడు కారణం రాయాలి. ఏ పరీక్షను, ఎందుకు, ఏ పరిస్థితిలో మాత్రమే ఆపినదీ ఒక్క వాక్యంలోనైనా ఉండాలి. కారణం రాసి ఆపడం వైద్యం వంటిది, రాయకుండా ఆపడం దాపరికం.

దిద్దుబాటు పద్ధతి మహా కష్టమైనది కాదు గాని ఓపిక కావాలి. మొదట యంత్రం రాసిన చిట్టాను పైనుండి కిందికి చదవాలి. చివరి పంక్తిలో కనిపించే లోపం తరచుగా మొదటి లోపానికి నీడ మాత్రమే. తరువాత, ఇతర సరంజామా ఏదీ లేని శుభ్రమైన పరిసరంలో అదే తప్పును మళ్ళీ రప్పించాలి. తిరిగి రప్పించలేని తప్పును దిద్దామని చెప్పుకోవడం వట్టి మాట. నిన్న నెగ్గి నేడు తప్పితే మధ్య జరిగిన మార్పులను సగం సగంగా విభజిస్తూ వెదకాలి. వెయ్యి మార్పులున్నా పది ప్రయత్నాలలో కారకమైన మార్పు దొరుకుతుంది. రెండును పదిసార్లు గుణిస్తే 1024 అవుతుంది గదా! కారణం తెలిశాక వీలైనంత చిన్న మార్పు చేయాలి. చివరగా, ఆ దిద్దుబాటును మూల రచయితకు పంపాలి. కాలువకు ఎగువన గండి పడితే ఎవరి పొలం గట్టు వారు ఎత్తు చేసుకోవడం తాత్కాలికం. గండి పూడిస్తే దిగువనున్న అందరికీ మేలు. మూలానికి చేరిన దిద్దుబాటు అట్టిది.

ఇందులో మన భాషలకు సంబంధించిన కర్తవ్యం ఒకటి ఉన్నది. 'తెలుగు' అనే మాట మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులు వేరుగా లెక్కకు వచ్చి ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8 రూపంలో దాచితే 18 బైట్లు. 'ఉర్దూ' అనే మాట ఉర్దూ లిపిలో అలిఫ్, రే, దాల్, వావ్ అని నాలుగక్షరాలు; దాచితే 8 బైట్లు. ఆంగ్లంలో అక్షరం, సంకేతం, బైటు మూడూ ఒక్కటే. ఆంగ్లం మాత్రమే ఎరిగిన రచయిత మాట పొడవును బైట్లతో కొలిచి మధ్యలో కత్తిరిస్తే మన అక్షరం సగానికి తెగిపోతుంది. ఆంగ్ల మాటలతో రాసిన పరీక్షలు నూటికి నూరు నెగ్గినా ఈ తప్పు బయటపడదు.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో జరిగినది చాలామందికి గుర్తుండవచ్చు. 'విజ్ఞానం' అన్న మాటలోని 'జ్ఞా' అనే అక్షరం, మధ్యలో ఒక కనిపించని సంకేతంతో కూడి వస్తే, దాన్ని చూపబోయిన ప్రోగ్రాము కూలిపోయేది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న దిద్దుబాటు విడుదల చేసింది. ఆ భాగం ఓపెన్ సోర్స్ కానందున బయటివారు వేచి ఉండటం తప్ప చేయగలిగినది లేకపోయింది. దీనికి భిన్నంగా హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ అందరికీ తెరచి ఉన్నది. ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రేఆఫీస్‌లో అక్షరాల కూర్పు దీనిదే. దీనిని తీర్చిదిద్దిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ ఇరాన్‌లో పుట్టినవాడు. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరచినది అని ఫారసీ అర్థం. మన ఉర్దూ విద్యార్థులకు హర్ఫ్ అనే మాటను విడమరచి చెప్పనక్కరలేదు. మన ఒత్తులు, ఉర్దూ నస్తాలీఖ్ వంపులు సరిగా వచ్చినవో లేదో చెప్పగల కన్ను ఎవరిది? మనదే. అందుచేత ఈ పరీక్షలలో మన మాటలు చేర్చవలసిన బాధ్యత కూడా కొంత మనదే.

ఇక మన కళాశాలల అలవాటు గురించి చేదు నిజం ఒకటి చెప్పక తప్పదు. లోలకంతో గురుత్వ త్వరణాన్ని కొలిచే ప్రయోగంలో 980 దరిదాపులకు రావాలని ముందే తెలుసు. కనుక వచ్చిన లెక్కను వదలి, రావలసిన లెక్క నుండి వెనక్కి రీడింగులు రాసి రికార్డు పూర్తి చేయడం అనేక చోట్ల ఆనవాయితీగా మారింది. చివరి సంవత్సరం ప్రాజెక్టును పట్నంలో డబ్బిచ్చి కొని అట్ట వేయించడం కూడా కొత్త విషయం కాదు. ఇది తప్పిన పరీక్షను తుడిచివేయడం కాక మరేమిటి? 910 వచ్చినప్పుడు ఎందుకు వచ్చినదని ఆలోచించిన విద్యార్థికి, దారం పొడవును ఎక్కడ నుండి ఎక్కడికి కొలవాలో జీవితాంతం గుర్తుంటుంది. 980 అని దిద్ది రాసినవానికి మార్కులు మాత్రం మిగులుతాయి.

కొందరు పెద్దలు అడుగవచ్చు: జీతం లేని ఈ చాకిరీ మన పిల్లలకెందుకు? కోట్ల లాభం గడించే కంపెనీలు వాడుకునే లైబ్రరీని పల్లెటూరి విద్యార్థి ఊరికే దిద్దాలా? ప్రశ్న న్యాయమైనదే. ఇట్టి పనికి ఆ కంపెనీలు తగినంత ఖర్చు పెట్టడం లేదన్నది వాస్తవం. కాని లాభనష్టాలను విద్యార్థి వైపు నుండి కూడా చూడాలి. అతని పేరుతో, తేదీతో, కారణంతో సహా ఆ దిద్దుబాటు బహిరంగంగా నిలిచి ఉంటుంది. ఉద్యోగమిచ్చేవాడు దానిని చదువుకోవచ్చు. కొన్న ప్రాజెక్టుకు ఆ గౌరవం లేదు. ఆంగ్లం రాదన్న జంకు మరొకటి. దిద్దుబాటుతో పంపవలసినది నాలుగు వాక్యాలు: ఏం జరిగింది, ఏం జరగవలసి ఉండెను, కారణమేమి, మార్పు ఏమి. ఈ నాలుగు వాక్యాల ఆంగ్లం ఇంటర్మీడియట్ చదివినవారికి అందనిది కాదు.

కనుక కళాశాల కమిటీ వారికి నా విన్నపం పెద్దదేమీ కాదు. వారానికి ఒక మధ్యాహ్నం ప్రయోగశాలను ఈ పనికి తెరచి ఉంచండి. పాత కంప్యూటర్లు రెండు మూడు ఉన్నా చాలు; డెబియన్ వాటిపై ఉచితంగా నడుస్తుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను విద్యార్థుల చెంతకు, తెలుగులోకి తేవడానికి పాటుపడుతున్న స్వేచ్ఛ సంస్థ హైదరాబాదులోనే ఉన్నది. అట్టివారిని ఒకసారి ఆహ్వానించండి. ఇద్దరిద్దరు విద్యార్థులు, వీలైతే ఒకరు తెలుగు మాధ్యమం, ఒకరు ఉర్దూ మాధ్యమం, కలిసి ఏడాదిలో ఒక్క తప్పిన పరీక్షకు కారణం కనుగొంటే దానిని ప్రాజెక్టుగా లెక్కించండి. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రయోగశాల రికార్డులో నిజంగా వచ్చిన తప్పు లెక్కను, దాని కారణంతో సహా రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించకండి. ఈ చివరి దానికి రూపాయి ఖర్చు లేదు.

విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! 2016లో ఏర్పడిన మన వనపర్తి జిల్లా చిన్నదే. అందులో వీపనగండ్ల మరింత చిన్నది. కాని లైబ్రరీలోకి చేరిన దిద్దుబాటుకు ఊరి పేరుతో పనిలేదు. అది సరైనదా కాదా అన్న ఒక్క ప్రశ్నే అక్కడ అడుగుతారు. అట్టి న్యాయస్థానం లోకంలో ఎన్ని ఉన్నాయి? యంత్రం ఎర్ర గుర్తు చూపినప్పుడు దానిని శత్రువుగా భావించకండి. ఎక్కడో ఒకచోట నిజానికీ మన ఊహకూ పొసగలేదని అది తెలుపుతున్నది. ఆ చోటు ఏదో వెదకండి. దొరికినదాన్ని నలుగురికీ తెలిసేటట్లు రాయండి.